అత్తయ్యగారి శృతులు

మా మేనత్తగారు కొత్తపేట దగ్గర మా ఊరి చర్చిలో చాలా ఏళ్ళు వాయించారు. మొదట హార్మోనియం, తర్వాత కీబోర్డు. ఆవిడ హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యారు. నేను అమలాపురంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. ఆదివారం ఆరాధనకి మాత్రం కొత్తపేట బస్సెక్కి ఊరికి వచ్చేస్తాను. అత్తయ్యగారి వెనక బెంచీలో కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ కీబోర్డు, గల్ఫులో పనిచేసి వచ్చిన ఒకావిడ చర్చికి కానుకగా ఇచ్చింది. మొదట్లో అత్తయ్యగారికి అది నచ్చలేదు. హార్మోనియం ఊపిరి తీసుకుంటుంది, ఇది తీసుకోదు అనేవారు. తర్వాత దానిలో ఒక సుఖం కనిపెట్టారు. మెట్లు మార్చకుండానే ఒక మీట నొక్కితే శృతి పైకీ కిందికీ జరుగుతుంది. ఏ పాటకి ఏ శృతి, ఎంత వేగం, ఏ వాయిద్యం ధ్వని కావాలో చూసుకుని దాని మెమరీలో పెట్టుకునే వీలు కూడా ఉండేది. ఆవిడ చాలా పాటలు అలా పెట్టుకున్నారు.

కొన్నేళ్ళకి ఆ మెమరీ పోయింది. లోపల ఉన్న చిన్న బ్యాటరీ అయిపోయిందని అమలాపురంలో కొత్తది వేయించాం. అయినా ఆపి మళ్ళీ వేస్తే అన్నీ మొదటికి వచ్చేవి. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారి కళ్ళకి శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యాక దూరం బాగా కనిపించేది గానీ, కీబోర్డు మీద ఉన్న అగ్గిపెట్టెంత తెర మీద అంకెలు మాత్రం ఆనేవి కావు. పాస్టరుగారు పాట నంబరు చెప్పేవారు. మేం పుస్తకాల్లో పేజీ తీసుకుని, గొంతులు సవరించుకుని, ఇంకా ఎదురు చూసేవాళ్ళం. ఆవిడ మొహం తెరకి ఆనించి ఒక్కో మీటా తడుముకునేవారు. పంకాల చప్పుడు మాత్రం వినిపించేది.

ఒక ఆదివారం శృతి తప్పు పడింది. బాగా పైకి వెళ్ళిపోయింది. రెండో చరణానికి ఆడవాళ్ళం అందుకోలేక ఒక్కొక్కరం ఆగిపోయాం. చివరిదాకా పాడింది లాకుల తాతగారు ఒక్కరే. కాలవలో నీటిమట్టం ఎక్కించి, దింపి పడవల్ని దాటించే లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు కనక ఆయన్ని ఊరంతా అలాగే పిలిచేవారు. పడవ వాళ్ళని కేకేసి కేకేసి ఆయన గొంతు అంత పెద్దదయిందని చెప్పుకునేవారు.

ఆరాధన అయ్యాక అత్తయ్యగారు కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ నాతో అన్నారు.

"పాస్టరుగారికి చెప్పేస్తానమ్మా, ఇంకెవరినైనా చూసుకోమని."

"ఎందుకండీ?"

"వాయించడం వచ్చు. ఈ మీటలే రావడం లేదు. జనాన్ని అలా నిలబెట్టడం బాగోలేదు."

"కొంచెం ఆగండి అత్తయ్యగారూ. నేనొకటి చేసి చూస్తాను."

"ఏం చేస్తావు?"

"పాట నంబరు నొక్కితే శృతి, వేగం అన్నీ దానంతటవే వచ్చేటట్టు."

ఆవిడ నవ్వారు. "ఆయ్, చెయ్యి మరి," అన్నారు, నమ్మకం లేకుండానే.

కీబోర్డు వెనక రెండు గుండ్రటి సాకెట్లు ఉన్నాయి. వాటిలో తీగ పెట్టి బయటి నుంచి ఆజ్ఞలు పంపితే కీబోర్డు వింటుంది. కాబట్టి నాకు కావలసింది ఒక చిన్న పెట్టె, దాని మీద ఫోనుకున్నట్టు పెద్ద పెద్ద అంకెల మీటలు, లోపల వాటిని చూసుకునే మైక్రోకంట్రోలరు అనే చిన్న చిప్పు. మా ల్యాబ్‌లో పిల్లలు ప్రాక్టికల్స్‌కి వాడే చవక బోర్డు ఒకటి కొనుక్కున్నాను. పెట్టె కోసం బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి కోశాను. అత్తయ్యగారికి బాగా కనిపించేలా అంకెలు నల్ల పెయింటుతో నేనే రాశాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే దాచుకోవడంలో. కరెంటు పోయినా మరిచిపోకుండా, కావలసినప్పుడు మార్చుకునేలా చిన్న చిన్న సంగతులు దాచుకోవడానికి కొన్ని చిప్పుల్లో ఈప్రామ్ అని వేరే చోటు ఉంటుంది. నేను కొన్న దాంట్లో అది లేదు. ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ మెమరీ మాత్రం ఉంది. దానిలోనే కొంత చోటు విడిగా తీసి ఈప్రామ్‌లా వాడుకోవాలి. కానీ ఫ్లాష్‌కి ఒక పద్ధతి ఉంది. ఖాళీ చోట రాయనిస్తుంది. రాసిన చోట మళ్ళీ రాయాలంటే ఆ చోటున్న భాగం, పేజీ అంటారు దాన్ని, మొత్తం చెరపాలి. ఒక్క పాట శృతి మార్చాలన్నా అదే పని. పైగా ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెరపనివ్వదు. కొన్ని వేల సార్లకి అరిగిపోతుంది.

మొదటిసారి నేను సులువు దారి పట్టాను. ఏదైనా పాట మారిస్తే, పేజీలో ఉన్నదంతా తాత్కాలిక మెమరీలోకి తెచ్చి, ఆ ఒక్కటీ మార్చి, పేజీ చెరిపి, తిరిగి మొత్తం రాసేటట్టు చేశాను. బల్ల మీద చక్కగా పనిచేసింది. ఒక శనివారం మధ్యాహ్నం చర్చికి తీసుకువెళ్ళాం. అత్తయ్యగారు పాటల పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో పాటా వాయించి చూసి చెప్పడం, నేను పెట్టెలో దాచడం. పొద్దు వాలేసరికి పుస్తకంలో మేం పాడే పాటలన్నీ ఎక్కాయి.

"ఆ పెళ్ళి పాట ఒక్కటీ అర శృతి తగ్గించమ్మా," అన్నారావిడ, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ.

తగ్గించి, దాచే మీట నొక్కాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పేజీ చెరిపిన తర్వాత, తిరిగి రాయడానికి ముందు ఉండేది కన్ను మూసి తెరిచేంత సేపు. ఆ సందులోనే పోయింది. కరెంటు వచ్చాక ఏ నంబరు నొక్కినా కీబోర్డు కదల్లేదు. పెట్టెలో ఒక్క పాట కూడా లేదు.

అత్తయ్యగారు నా మొహం చూసి పక్కనే కూర్చున్నారు.

"అన్నీ పోయాయా?"

"పోయాయండీ."

"పెట్టె బాగానే ఉందా?"

"పెట్టె బాగానే ఉందండీ. దాచే పద్ధతి మార్చాలి."

"అయితే మార్చు. పాటలు నాకు వచ్చు కదా, మళ్ళీ చెబుతాను," అన్నారు.

ఆ వారమంతా కాలేజీ అయ్యాక ల్యాబ్‌లో కూర్చుని పద్ధతి మార్చాను. ఈ పని చేసేవాళ్ళకి కొత్తదేమీ కాదు, అందరూ వాడేదే. ఒకటికి రెండు పేజీలు తీసుకోవాలి. ఒక పాట శృతి మారితే పాతదాన్ని ముట్టుకోకూడదు. దాని కింద ఖాళీ చోట, ఫలానా పాటకి ఇకనుంచి ఇది అని కొత్తగా రాయాలి. వెతికేటప్పుడు చివరి నుంచి వెనక్కి వెతకాలి. ముందుగా కనిపించిందే ఇప్పుడు చెల్లేది. దాని పైన ఉన్నవి పాతవి. అలా రాస్తూ రాస్తూ పేజీ నిండిపోతే, ఒక్కో పాటకి చివరిసారి రాసినదాన్ని మాత్రం రెండో పేజీలోకి ఎత్తి రాసి, అది పూర్తయ్యాకనే మొదటి పేజీ చెరపాలి. ప్రతి పేజీకి తల దగ్గర ఒక గుర్తు ఉంటుంది, ఇది వాడుకలో ఉందా, ఎత్తి రాయడం మధ్యలో ఉందా, ఖాళీయా అని. మధ్యలో కరెంటు పోయినా, వచ్చాక పెట్టె ముందు ఆ గుర్తులు చూసుకుంటుంది. పని సగంలో ఆగిందని తెలిస్తే మళ్ళీ మొదటి నుంచి ఎత్తి రాసుకుంటుంది. ఏ క్షణాన తీగ లాగినా ఏదో ఒక పేజీలో పాటలన్నీ ఉంటాయి. చెరపడం ఎప్పుడో గానీ జరగదు కనక ఫ్లాష్ కూడా త్వరగా అరిగిపోదు.

నేను కావాలనే ఎన్నోసార్లు మధ్యలో తీగ లాగి చూశాను. ప్రతిసారీ పాటలు తిరిగి వచ్చాయి. నాతో పనిచేసే మేడమ్ ఒకావిడ చూసి, "ఏమిటండీ, దాని ప్రాణం తీస్తున్నారు," అంది.

పాటలు మళ్ళీ ఎక్కించడం ఈసారి అత్తయ్యగారింట్లో పెట్టుకున్నాం. కీబోర్డు ఆటోలో తెచ్చి వసారాలో బల్ల మీద పెట్టాం. సెమిస్టరు సెలవులు. నాకు తొందర లేదు, ఆవిడకి అసలే లేదు. మొదటిసారి చర్చిలో గబగబా నంబర్లు చెప్పుకుంటూ పోయారు. ఇంట్లో అలా కాలేదు. ఒక పాట వాయించి, శృతి చెప్పబోయి, ఆగి, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పేవారు. కొబ్బరినీళ్ళు తాగుతూ వినేదాన్ని. నా జీవితంలో అంత బాగా గడిచిన మధ్యాహ్నాలు ఎక్కువ లేవు.

"ఇది రెండున్నర శృతి. రాసుకో. కాదు, ఉండు. మా అమ్మ దీన్ని ఊడ్పుల్లో పాడేది. వరసలో ఆడవాళ్ళందరూ ఒంగుని ఉండేవారు. ఒంగుంటే గొంతు పైకి రాదు కదా. అందుకని కిందనే పాడేవారు. నేను బోర్డింగులో చేరేక అక్కడ టీచరుగారు ఇదే పాట పైన పాడించేరు. నాకు వేరే పాటలా అనిపించింది. సెలవులకి ఇంటికొచ్చి పైన పాడి చూపించేను. అమ్మ ఏమందో తెలుసా?"

"ఏమన్నారండీ?"

"'నిలబడి పాడేవాళ్ళ పాట అది' అంది."

మా నాన్నమ్మ కూలికి వెళ్ళేదని నాకు తెలుసు. నేను పుట్టేసరికి ఆవిడ మంచం మీద ఉంది. ఆవిడ పాడేదని మాత్రం ఆ రోజు వరకూ తెలియదు. మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అత్తయ్యగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, ఆ పాట ఊడ్పుల వరస ఎలా ఉండేదో కింది శృతిలో వాయించి వినిపించారు. పెట్టెలో ఏది పెట్టమంటారని అడిగితే, "రెండు పెట్టు. ఒంగినవాళ్ళకీ నిలబడ్డవాళ్ళకీ మధ్యన ఉంటుంది," అన్నారు.

ఇంకో పాట ఆవిడ మొదటి ఉద్యోగం ఊళ్ళో, ఉప్పలగుప్తం వైపు, సముద్రం గాలికి కిటికీలు కొట్టుకునే బళ్ళో పిల్లలకి నేర్పినది. ఇంకోటి పోయిన మావయ్యగారికి ఇష్టమైనది. ఆయన పాడితే తాళం ఎప్పుడూ ముందుకి పరుగెత్తేదట. "ఆయన కోసమని వేగం పెంచమాకు. ఆయన ఎలాగా పాడేవాళ్ళలో లేరు," అని నవ్వారు. మళ్ళీ ఒకసారి వాయించి చూసుకుని, "సరే, ఒక్క పిసరు పెంచు," అన్నారు.

ఒక సాయంత్రం లాకుల తాతగారు వసారా ముందు నుంచి వెళుతూ పాట విని లోపలికి వచ్చారు.

"టీచరుగారూ, ఏంటండీ, ఇంట్లోనే ఆరాధన పెట్టేసేరా?"

"మా మేనకోడలు పెట్టె చేసిందండి. దీనికి పాటలు చెబుతున్నాం. కూర్చోండి."

ఆయన కూర్చుని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. "మా లాకు తలుపుకి నీటిమట్టం గుర్తులుండేవండి, అంత పెద్ద అంకెలు వేసేవమ్మా," అని నన్ను మెచ్చుకున్నారు. అత్తయ్యగారు వాయిస్తే ఆయన పాడారు. చీకటి పడేదాకా పాడారు. ఆ రోజు మేం పెట్టెలో దాచినవి చాలా తక్కువ.

గుడ్ ఫ్రైడే ఆరాధన మా చర్చిలో మధ్యాహ్నం మొదలై చాలాసేపు సాగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు, మాటకీ మాటకీ మధ్య పాట ఉంటుంది. అత్తయ్యగారు తెల్లచీర కట్టుకుని, పెట్టె తన కుడి చేతి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. పాస్టరుగారు నంబరు చెప్పగానే ఆవిడ మూడు మీటలు నొక్కి మెట్ల మీద చేతులు వేశారు. మేం పేజీ తీసేలోపే శృతి వినిపించింది. పాస్టరుగారు ఒకసారి తల తిప్పి చూశారు.

మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోగా కీబోర్డు, పెట్టె రెండూ ఆగి మళ్ళీ వెలిగాయి. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. తర్వాతి నంబరు చెప్పారు. అత్తయ్యగారు నొక్కారు. శృతి వచ్చింది. ఆవిడ వెనక్కి తిరగలేదు గానీ ఎడం చెయ్యి వీపు వెనక్కి పెట్టి, నాకు కనిపించేలా వేళ్ళు ఆడించారు. నాకు ఏడుపొచ్చింది. పక్కనున్నావిడ అది ప్రసంగం వల్ల అనుకుని నా భుజం నిమిరింది.

అత్తయ్యగారు ఆ పెట్టెతో ఇంకా కొన్నేళ్ళు వాయించారు. శృతులు తనే మార్చుకోవడం నేర్చుకున్నారు. నాతో చెప్పవలసిన అవసరం లేకపోయింది. పండగలకి వాయించారు, పెళ్ళిళ్ళకి వాయించారు. మనుషులు పోయినప్పుడు కూడా వాయించారు. లాకుల తాతగారు పోయినప్పుడు కీబోర్డు ఆయన ఇంటి అరుగు మీదికి తీసుకువెళ్ళారు.

తర్వాత ఆవిడ వేళ్ళ కణుపులు వాచడం మొదలైంది. చలికాలంలో పొద్దున్నే అసలు వంగేవి కావు. ఈసారి నేను చేసి చూసేది ఏమీ లేదు. ఆవిడ దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఉంది. గ్రామ సచివాలయంలో ఉద్యోగం. ఆ అమ్మాయిని పిలిచి, "వచ్చే నెల నుంచి నువ్వు వాయించమ్మా," అని చెప్పేశారు. నాకు ఆ సంగతి ఆ తర్వాతే తెలిసింది.

పెట్టె అప్పగించే ముందు మీటలు మార్చడానికి ఇంటికి తెచ్చుకున్నాను. పెయింటు అంకెలు అరిగిపోయాయి. పనిలో పనిగా కంప్యూటరుకి తగిలించి, ఫ్లాష్‌లో వాడుకలో ఉన్న పేజీ మొత్తం చదివాను. అంతకుముందు పేజీ నిండినప్పుడు చెరిగిపోయినవి ఎలాగూ లేవు. ఆ తర్వాత ఆవిడ మార్చినవన్నీ వరసగా, పాతది చెరగకుండా, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. తారీకులు లేవు. వరస మాత్రమే ఉంది. చాలా పాటల శృతులు మెల్లగా దిగుతూ వచ్చాయి. ఒక పాట మాత్రం, నాన్నమ్మది కాదు, ఇంకోటి, రెండున్నర, రెండు, ఒకటిన్నర, ఒకటి దాకా దిగి, చివర ఒక్కసారిగా రెండుకి ఎక్కింది.

మర్నాడు అత్తయ్యగారింటికి వెళ్ళి అడిగాను.

"ఈ ఒక్క పాటా మళ్ళీ ఎందుకు పెంచేరండీ?"

ఏ పాటో చెప్పగానే ఆవిడకి తెలిసిపోయింది.

"అది లాకుల బాబాయిగారి పాటమ్మా. ఎప్పుడూ ఆయనే ఎత్తుకునేవారు కదా. గొంతు దిగిపోతూ ఉండేది. నేనూ దింపుకుంటూ వచ్చేను. ఆఖర్న ఒకటి శృతిలో ఆడవాళ్ళకి మరీ కిందయిపోయి ఇబ్బందిగా ఉండేది. అయినా ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఏమనలేదు. ఆయన పోయేక పెంచేను."

"ఆయనకి తెలుసాండీ?"

"తెలీకపోతే ఎలా? ఒకసారి బయట నన్ను ఆపి, 'టీచరుగారూ, నీటిమట్టం బాగా చూస్తున్నారండి' అన్నారు. అంతే."

ఆ అమ్మాయి కూడా అక్కడే ఉంది, పెట్టె వాడడం నేర్చుకోవడానికి వచ్చింది. కొంచెం మొహమాటంగా నన్ను అడిగింది.

"మేడమ్‌గారూ, టీచరుగారి శృతులు అలా ఉంచేసి, నావి వేరేగా పెట్టుకోడానికి వీలవుద్దాండీ?"

చేయవచ్చు, కొంచెం ప్రోగ్రాము మార్చాలి అని చెప్పబోయాను. అత్తయ్యగారు నాకంటే ముందే అన్నారు.

"వేరేగా ఎందుకమ్మా? ఇప్పుడు పాడేవాళ్ళకి ఏది అందుద్దో అదే పెట్టు. నావి అక్కడుంటే నీకు చెయ్యాడదు."

"ఆయ్, అలాగేనండీ."

నాకు మనసొప్పలేదు. ఆ పేజీ నిండితే, ఒక్కో పాటకి చివరగా పెట్టినదే రెండో పేజీకి వెళుతుంది, మిగతావన్నీ చెరిగిపోతాయి. ఒక కాపీ నా కంప్యూటర్లో ఉంచుకుంటానండీ అన్నాను. "ఉంచుకో. నీ ఇష్టం," అన్నారు. ఆ ఫైలు ఉంది. ఒకటి రెండుసార్లు తెరిచాను. వట్టి అంకెలు. ఆ వసారాలో పక్కన కూర్చుని విన్నదాన్ని కనక నాకు మాత్రం పాటలు వినిపిస్తాయి.

కొత్తమ్మాయి వాయించిన మొదటి ఆదివారం అత్తయ్యగారు నా పక్కన బెంచీలో కూర్చున్నారు. చేతులు ఒడిలో పెట్టుకున్నారు. నంబరు చెప్పారు, మీటలు చప్పుడయ్యాయి, శృతి వచ్చింది. ఆవిడ పుస్తకం తెరవకుండానే పాడడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు తట్టింది, అన్నేళ్ళు చర్చిలో ఆవిడ పాడడం నేను ఎన్నడూ వినలేదని. వాయించేటప్పుడు పెదవులు బిగించి ఉండేవారు. ఆవిడ గొంతు నేను అనుకున్నంత సన్నంగా లేదు. కొంచెం బొంగురు, కొంచెం కింద, మాటలు మాత్రం తెలుగు పండితురాలివి, ఒక్క ఒత్తు కూడా జారలేదు. ముందు బెంచీలో ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, నవ్వి, మళ్ళీ ముందుకు తిరిగారు.

ఆరాధన అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎలా వాయించేనండీ?"

"బాగుందమ్మా. మూడో పాట కొంచెం తొందరపడ్డావు," అన్నారు అత్తయ్యగారు. "మొదటిరోజు కదా. ఇంటికి రా, భోంచేద్దువుగాని."

ముగ్గురం కాలవ గట్టు మీదుగా నడిచి ఇంటికి వెళ్ళాం. అత్తయ్యగారు దారంతా మూడో పాట పాడి చూపిస్తూనే ఉన్నారు. ఆ అమ్మాయి పక్కనే నడుస్తూ చేతిమీద తాళం వేసుకుంది.